ఫైర్ కోర్సులో చేర్చే ముందు: పల్నాడు పిల్లల ముందున్న మూడు దారులు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, నరసరావుపేట, పిడుగురాళ్ల, మాచర్ల లాంటి ఊళ్లలో ఇంటింటా ఒకటే చర్చ: పిల్లాణ్ని ఎందులో చేర్చాలి? ఈఏపీసెట్ ర్యాంకు రాలేదు, డిగ్రీ చేస్తే ఉద్యోగం వస్తుందన్న నమ్మకం లేదు, ఇంట్లో మూడేళ్లు ఆగే ఓపిక అంతకన్నా లేదు. అలాంటప్పుడు చెవిన పడే పేరు 'ఫైర్ అండ్ సేఫ్టీ'. ఆరు నెలలో ఏడాదో చదివితే గల్ఫ్‌లో జీతం, లేదంటే ఇక్కడే ఫ్యాక్టరీలో ఉద్యోగం అని చెబుతారు. అబ్బా ఎక్కడో అప్పు తెస్తాడు, అమ్మీ చెవికమ్మలు తాకట్టు పెడుతుంది, ఫీజు కట్టేస్తారు.

ఫైర్ చదువు మంచి చదువే. అయితే ఆ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు ఉద్యోగాలు ఉన్నాయి. మంటలోకి దూకి మనుషుల్ని బయటికి తెచ్చే ఫైర్‌మన్ ఒకరు. మంట పుట్టకుండా, పుట్టినా పాకకుండా భవనాన్ని, ఫ్యాక్టరీని ముందే లెక్కగట్టే ఫైర్ ఇంజనీర్ ఇంకొకరు. పనివాళ్ల ప్రాణభద్రత చూడడానికి చట్టం ప్రకారం యాజమాన్యం నియమించాల్సిన సేఫ్టీ ఆఫీసర్ మూడో మనిషి. ముగ్గురికీ చదువు వేరు, వయసు వేరు, అడిగే సనద్ వేరు. ఒకదాని కోసం చదివి మరోదానికి దరఖాస్తు పెడితే ఫారం దగ్గరే ఆగిపోతుంది. పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు గానీ, ఈ రంగంలో పోయిన ఏళ్లు తిరిగి రావు. ఎందుకంటే కొన్ని ఉద్యోగాలకు 23 ఏళ్లకే తలుపు మూసుకుపోతుంది.

'ఫైర్ సైన్స్' అనే పేరు ఎక్కడిది

ఈ మాట ఎక్కువగా వినిపించేది అమెరికాలో. అక్కడ కమ్యూనిటీ కాలేజీ అంటే ఊరికి దగ్గర్లో, తక్కువ ఫీజుతో రెండేళ్ల చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీ. మన దగ్గరి పాలిటెక్నిక్, ఐటిఐ, డిగ్రీ కాలేజీ మూడూ కలిపితే ఎలా ఉంటుందో దాదాపు అలా. ఫైర్ సైన్స్‌లో రెండేళ్ల 'అసోసియేట్' డిగ్రీ ఇచ్చే ఇలాంటి కాలేజీలు అక్కడ చాలా ఉన్నాయి. అమెరికా నేషనల్ ఫైర్ అకాడమీ ముందుకు తెచ్చిన నమూనా సిలబస్‌లో ఆరు మూల సబ్జెక్టులు ఉంటాయి: మంట స్వభావం-దహనం, అగ్నినిరోధం పరంగా భవన నిర్మాణం, మంటల నివారణ, రక్షణ వ్యవస్థలు, అత్యవసర సేవల మూలసూత్రాలు, సిబ్బంది స్వీయరక్షణ. పగలు ఉద్యోగం, సాయంత్రం చదువు అన్నట్టుగా చాలామంది చేస్తారు.

అమెరికాలో బంధువులున్న కుటుంబాలు ఇది విని ఆశపడతాయి. అక్కడి అగ్నిమాపక ఉద్యోగాలు నగరపాలక, కౌంటీ సంస్థల చేతిలో ఉంటాయి. చాలా చోట్ల పౌరసత్వమో శాశ్వత నివాస హక్కో అడుగుతారు. అందుకని స్టూడెంట్ వీసా మీద వెళ్లిన పిల్లాడికి డిగ్రీ చేతికొచ్చినా ఫైర్ ఇంజను ఎక్కే అవకాశం దాదాపు ఉండదు. గ్రీన్‌కార్డుతో అక్కడ స్థిరపడిన కుటుంబాల పిల్లలకు మాత్రం ఇది చవకైన, గౌరవమైన దారి.

పల్నాడులోనే ఉన్న పాఠాలు

కోర్సు ఎక్కడ చదివినా మొదటి పాఠం ఒకటే. మంటకు మూడు కావాలి: మండే వస్తువు, గాలిలోని ఆక్సిజన్, వేడి. నాలుగోది, ఆ మంటను నిలబెట్టే రసాయనిక గొలుసు చర్య. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తీసేయడమే ఆర్పడం. నీళ్లు వేడిని లాగేస్తాయి, మూత గాలిని ఆపుతుంది, వాల్వు కట్టేస్తే ఇంధనం ఆగుతుంది, పొడి రసాయనం గొలుసును తెంపుతుంది. వినడానికి ఇంతే. ఏ మంటకు ఏది తీసేయాలన్న దగ్గరే అసలు చదువు మొదలవుతుంది. ఆ చదువుకు పల్నాడు జిల్లా ఒక పెద్ద ప్రయోగశాల లాంటిది.

పత్తి సంగతి చూడండి. నరసరావుపేట, చిలకలూరిపేట, సత్తెనపల్లి ప్రాంతాల్లో జిన్నింగ్, స్పిన్నింగ్ మిల్లులు కొత్త కాదు. పత్తిలో కలిసిపోయిన చిన్న రాయో, ఇనుప ముక్కో జిన్నింగ్ మిషన్లో పడి నిప్పురవ్వ లేస్తుంది. అది పత్తితో పాటు బేలు లోపలికి వెళ్లి, పైకి మంట కనపడకుండా గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి రాజుకుంటూ ఉంటుంది. గట్టిగా నొక్కి కట్టిన బేలు మీద పైపైన ఎన్ని నీళ్లు కొట్టినా లోపలికి దిగవు. పైన ఆరినట్టు కనపడి, బేలు విప్పగానే గాలి తగిలి భగ్గుమంటుంది. అందుకే పత్తి గోదాములో మంట ఆరిందని చెప్పడానికి అనుభవం ఉన్న అధికారి తొందరపడడు. బేళ్లను ఒక్కొక్కటిగా బయటికి లాగి, విప్పి, తడిపి, మర్నాడు కూడా కాపలా పెడతాడు.

ఈ పాఠం దేశానికి నేర్పిన ఘటన 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగింది. ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో పత్తి బేళ్లు, వందల టన్నుల పేలుడు పదార్థాలు ఒకే ప్రయాణంలో వచ్చాయి. పత్తిలో మంట లేచింది. గంటల తరబడి నీళ్లు కొట్టినా మూలం దొరకలేదు. సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలిపోయింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్ల జ్ఞాపకార్థమే ఏటా ఏప్రిల్ 14న జాతీయ అగ్నిమాపక సేవా దినం, 14 నుంచి 20 వరకు వారోత్సవాలు జరుగుతాయి.

పిడుగురాళ్ల సున్నానిది ఇంకో పాఠం. బట్టీలో కాల్చిన, ఇంకా నీళ్లు కలపని సున్నం తనంతట తాను మండదు. కానీ నీళ్లు తగిలితే ఎంత వేడి పుడుతుందో బట్టీల దగ్గర పనిచేసే ఏ కూలీకైనా తెలుసు. వానాకాలం రేకుల షెడ్డులో కారిన నీళ్లు సున్నం మీద పడి, పక్కనే గోనె సంచులో కట్టెలో ఉంటే, ఆ వేడికి అవి అంటుకునే ప్రమాదం ఉంది. అక్కడికి వచ్చిన ఫైర్‌మన్ అలవాటుగా నీళ్లు కొడితే పరిస్థితి ముదురుతుంది. ఏ గోదాములో ఏముందో ముందే తెలిసి ఉండాలన్నది అందుకే.

మాచర్లలో 1958 నుంచి సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. దాచేపల్లి, పిడుగురాళ్ల వైపూ సిమెంటు పరిశ్రమ విస్తరించింది. సిమెంటు బట్టీకి బొగ్గును పౌడర్ లాగా నూరి వాడతారు. బొగ్గు గడ్డ నెమ్మదిగా కాలుతుంది. అదే బొగ్గు సన్నటి ధూళిగా గాలిలో లేచినప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. అందుకే బొగ్గు మిల్లు దగ్గర కార్బన్ మోనాక్సైడ్ ఎంత పెరుగుతోందో మీటర్లు గమనిస్తుంటాయి. అది పెరిగిందంటే లోపల ఎక్కడో రాజుకుంటోందని అర్థం. వెంటనే కార్బన్ డయాక్సైడో, నైట్రోజనో పంపి ఆక్సిజన్‌ను తగ్గిస్తారు.

ఇక మిర్చి. కోల్డ్ స్టోరేజీలో వేల టిక్కీలు అంతస్తులు అంతస్తులుగా పేరుస్తారు. చాలా వాటిల్లో చల్లదనం కోసం అమ్మోనియా వాడతారు, గోడలకు థర్మోకోల్ లాంటివి ఉంటాయి. మంట లేస్తే ఒక పక్క నల్లటి దట్టమైన పొగ, ఇంకో పక్క అమ్మోనియా లీకయ్యే భయం, వీటికి తోడు మిరపకాయ ఘాటు. ఇంట్లో నాలుగు ఎండుమిరపకాయలు మాడితేనే వీధంతా దగ్గుతుంది. శ్వాస పరికరం లేకుండా అలాంటి చోట అడుగు పెట్టడం ఎంత ధైర్యవంతుడికైనా కుదరదు.

ఇంటి వంటగదిలోనూ పాఠం ఉంది. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువైనది, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. వాసన రాగానే లైటు స్విచ్ ముట్టకుండా, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరవాలి. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు. స్టవ్ కట్టేసి, మూత పెట్టి, చల్లారేదాకా తీయకూడదు. ఇంత చిన్న విషయం తెలియక కాలిన చేతులు ఎన్నో!

మంట కన్నా పొగే ఎక్కువమందిని చంపుతుందన్నది ఈ చదువులో మళ్లీ మళ్లీ వచ్చే మాట. 2020 ఆగస్టు 9న విజయవాడ స్వర్ణ ప్యాలెస్ హోటల్‌లో నడిచిన కోవిడ్ కేంద్రంలో 10 మంది, 2025 మే 18న హైదరాబాద్ చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో పిల్లలతో సహా 17 మంది చనిపోయారు. పాత బస్తీల్లో కింద దుకాణం, పైన కాపురం, మధ్యలో ఒకే ఒక్క ఇరుకు మెట్లు ఉన్న ఇళ్లు నరసరావుపేటలోనూ తక్కువేం కాదు. ఇలాంటి ఇంటికి రెండో దారి ఎలా తీయాలో చెప్పగలిగిన వాడు వీధికి ఒకడుంటే అంతకన్నా కావలసింది ఏముంది?

మొదటి దారి: ఫైర్‌మన్

చాలా కుటుంబాలకు తెలియని విషయం ఇక్కడే ఉంది. ప్రభుత్వ ఫైర్‌మన్ ఉద్యోగానికి ప్రైవేటు ఫైర్ డిప్లొమా అక్కర్లేదు. ముందు ఎంపిక, తర్వాత శిక్షణ. ఆ శిక్షణ కూడా ప్రభుత్వ ఖర్చుతోనే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ నియామకాలు పోలీసు నియామక మండలి ద్వారా జరుగుతాయి. 2018 నవంబరులో కానిస్టేబుల్ పోస్టులతో పాటు 400 ఫైర్‌మన్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్ష, పరుగు ఉంటాయి. ఈ నోటిఫికేషన్లు ఏటా రావు. వచ్చినప్పుడు సిద్ధంగా ఉన్నవాడికే ఉద్యోగం.

కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, అంటే సి.ఐ.ఎస్.ఎఫ్., ఇంకో పెద్ద అవకాశం. 2024లో ఆ దళం పురుషుల కోసం 1,130 కానిస్టేబుల్ ఫైర్ పోస్టులు ప్రకటించింది. అర్హత సైన్స్ సబ్జెక్టుతో ఇంటర్. వయసు 18 నుంచి 23. సాధారణ ఎత్తు 170 సెంటీమీటర్లు. 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు పరుగెత్తాలి. మూల వేతన శ్రేణి రూ. 21,700 నుంచి 69,100. దీన్నిబట్టి రెండు సంగతులు తేలుతున్నాయి. పదో తరగతి అయ్యాక సి.ఇ.సి.లో చేరిన పిల్లాడికి ఈ తలుపు అప్పుడే మూసుకుపోతుంది. ఇంటర్ తర్వాత రెండేళ్లు ఏదో డిప్లొమా అని, ఇంకో రెండేళ్లు ఏజెంటు చుట్టూ అని తిరిగినవాడు వయసు దాటిపోతాడు. ఆ ఫీజు డబ్బుతో మంచి బూట్లు కొనుక్కుని, తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే మైదానానికి వెళ్లి పరుగెత్తితే ఎక్కువ లాభం.

రాష్ట్ర నియామకాల్లో రిజర్వేషన్ సంగతి కూడా ముందే చూసుకోవాలి. 2007 చట్టం ప్రకారం షేక్, ఖురేషీ, లబ్బీ, దూదేకుల కాని ఇతర కొన్ని వృత్తి వర్గాలతో కలిపి 14 ముస్లిం సమూహాలకు బి.సి.-ఇ కింద 4 శాతం ఉంది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లినా, 2010 నాటి మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగుతోంది. నూర్‌బాషా, దూదేకుల వారు బి.సి.-బి లోకి, మెహతర్లు బి.సి.-ఎ లోకి వస్తారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వారు బి.సి.-ఇ లోకి రారు. ఆదాయ పరిమితికి లోబడితే ఇ.డబ్ల్యు.ఎస్. చూసుకోవచ్చు. కేంద్ర ఉద్యోగాల ఓబీసీ జాబితా వేరే ఉంటుంది. రాష్ట్ర సర్టిఫికెట్ ఉంది కదా అని సి.ఐ.ఎస్.ఎఫ్. ఫారంలో గుడ్డిగా ఓబీసీ అని రాస్తే పత్రాల పరిశీలనలో చిక్కొస్తుంది. పేరు ఆధార్‌లో ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా ఉండడం ముస్లిం ఇళ్లలో మామూలే. షేక్ అనే మాట ముందో వెనకో, బాషా అక్షరాలు ఎలాగో అన్నదాన్ని నోటిఫికేషన్ రాకముందే సరిచేయించుకోవాలి.

మొహమాటం లేకుండా మాట్లాడుకోవాల్సిన ఇంకో విషయం గడ్డం. పొగలోకి వెళ్లే సిబ్బంది వీపున గాలి సిలిండర్, ముఖానికి మాస్కు వేసుకుంటారు. మాస్కు రబ్బరు అంచు చర్మానికి పూర్తిగా అతుక్కోవాలి. మధ్యలో వెంట్రుకలు పడితే ఆ సందులోంచి పొగ లోపలికి వస్తుందన్నది భద్రతా ప్రమాణాలు చెప్పే కారణం. వాషింగ్టన్ డి.సి.లో ముస్లింలతో సహా కొందరు ఫైర్‌మన్లు దీనిపై కోర్టుకు వెళ్లి 2007లో గెలిచారు, 2009లో అప్పీలు కోర్టూ దాన్ని నిలబెట్టింది. కానీ న్యూయార్క్ నగరంలో చర్మవ్యాధి కారణంగా గడ్డం ఉంచుకుంటామన్న ఫైర్‌మన్లు 2021లో ఓడిపోయారు. మన దేశంలో వైమానిక దళ ఉద్యోగి గడ్డం కేసులో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు దళ నిబంధనల వైపే నిలిచింది. యూనిఫాం ఉద్యోగంలో చేరాక గొడవ పడేకన్నా, దరఖాస్తుకు ముందే ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోవడం మంచిది. సేఫ్టీ ఆఫీసర్, డిజైన్ ఇంజనీర్ పనుల్లో ఈ ఇబ్బంది చాలా తక్కువ.

ఫైర్‌మన్‌గా కాకుండా ఒక మెట్టు పైన చేరాలనుకునేవారికి నాగపూర్‌లోని నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ సబ్ ఆఫీసర్ కోర్సు ఉంది. కేంద్ర హోంశాఖ కింద నడిచే ఈ సంస్థ 1956లో మొదలైంది. ఓడరేవులు, విమానాశ్రయాలు, చమురు కంపెనీల ఫైర్ విభాగాలు ఈ సనద్‌కు విలువ ఇస్తాయి.

రెండో దారి: ఫైర్ ఇంజనీర్

ఇంటర్ ఎం.పి.సి.లో లెక్కలు బాగా వచ్చినవారికి ఇది. నాగపూర్ కాలేజీలోనే ఫైర్ ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ల డిగ్రీ ఉంది. కేరళలో కొచ్చి విశ్వవిద్యాలయం, అంటే కుసాట్, సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజనీరింగ్‌లో బి.టెక్. ఇస్తుంది, దానికి సొంత ప్రవేశ పరీక్ష ఉంది. ప్రవేశ విధానాలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చదివే అడుగు వేయాలి. ఈ ఇంజనీర్ నీళ్ల పైపు ఎంత లావుండాలి, పదో అంతస్తుకు ఎంత ఒత్తిడి కావాలి, స్ప్రింక్లర్లు ఎంత దూరంలో పెట్టాలి, మెట్లు ఎంత వెడల్పుంటే ఎంతమంది ఎన్ని నిమిషాల్లో దిగగలరు అన్న లెక్కలు చేస్తాడు. 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళిలో నాలుగో భాగమంతా ఇదే. ఎత్తైన భవనాలకు, ఆసుపత్రులకు, ఫంక్షన్ హాళ్లకు అగ్నిమాపక శాఖ అనుమతి కావాల్సిన రోజుల్లో ఈ పనికి గిరాకీ తగ్గదు.

ఆడపిల్లలకు ఇది కుదరదనుకోనక్కర్లేదు. 2002లో నాగపూర్ కాలేజీలో చేరిన హర్షిణి కాన్హేకర్ అక్కడ చదివిన మొదటి అమ్మాయి. తర్వాత ఓ.ఎన్.జి.సి.లో ఫైర్ విభాగంలో పనిచేసింది. తమిళనాడు 2003లోనే ఇద్దరు మహిళలను డివిజనల్ ఫైర్ ఆఫీసర్లుగా తీసుకుంది. డిజైన్ ఆఫీసు పనయితే నైట్ డ్యూటీలూ ఉండవు.

మూడో దారి: సేఫ్టీ ఆఫీసర్

మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. 1948 ఫ్యాక్టరీల చట్టం 40-బి సెక్షన్ 1,000 మంది, ఆపైన పనివాళ్లున్న ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాలంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 500కు, ప్రమాదకర ప్రక్రియలున్న చోట 250కి దించింది. అంటే పోస్టులు పెరిగే అవకాశముంది. మరి ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలి? పాత చట్టం కింద రాష్ట్రాలు అనుసరిస్తూ వచ్చిన నమూనా నిబంధనల ప్రకారం ఇంజనీరింగ్ డిగ్రీ, రెండేళ్ల ఫ్యాక్టరీ అనుభవం. లేదా ఫిజిక్స్ కెమిస్ట్రీ డిగ్రీ గానీ ఇంజనీరింగ్ డిప్లొమా గానీ ఉండి, ఐదేళ్ల అనుభవం. దానికి తోడు ప్రభుత్వం గుర్తించిన పారిశ్రామిక భద్రత డిప్లొమా. మరొకటి కూడా ఉంది: అక్కడి ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష వచ్చి ఉండాలి. తెలుగు, ఉర్దూ, కాస్త హిందీ మూడూ వచ్చిన పల్నాడు కుర్రాడికి ఇది ఉచితంగా వచ్చిన అర్హత. బీహార్, ఒడిశా కూలీలు పనిచేసే చోట హిందీలో హెచ్చరిక చెప్పగలిగినవాడు ప్రాణాలు కాపాడతాడు.

ఇంటర్ మీద ఆరు నెలల సర్టిఫికెట్ చేసినవాడు ఈ లెక్కలో ఎక్కడా రాడు. అతన్ని ఫ్యాక్టరీలో తీసుకుంటే హెల్పర్‌గానో, ఫైర్ వాచర్‌గానో, సేఫ్టీ స్టీవార్డ్‌గానో తీసుకుంటారు. ఆ పని చిన్నదేమీ కాదు, కానీ పోస్టర్లో చెప్పినది అది కాదు. సరైన వరస ఇలా ఉంటుంది: పాలిటెక్నిక్ డిప్లొమా లేదా బి.ఎస్సీ., తర్వాత సిమెంటు ఫ్యాక్టరీలోనో, ఫార్మా కంపెనీలోనో కొన్నేళ్లు ఉత్పత్తి విభాగంలో పని, ఆ తర్వాత చెన్నైలోని రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి ప్రభుత్వ సంస్థలో పారిశ్రామిక భద్రత డిప్లొమా. పదో తరగతితోనే మొదలుపెట్టాలంటే ఐటిఐల జాతీయ ట్రేడుల్లో ఫైర్ టెక్నాలజీ అండ్ ఇండస్ట్రియల్ సేఫ్టీ మేనేజ్‌మెంట్ అనే ఏడాది ట్రేడు ఉంది. గుర్తింపున్న ఐటిఐ, పాలిటెక్నిక్, డిగ్రీ చదువుల్లో అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. గుర్తింపు లేని డిప్లొమాకు రాదు. ఒక కోర్సు నిఖార్సైనదా కాదా తెలుసుకోవడానికి ఇదే ఒక చిన్న పరీక్ష.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసెన్షియా ఫార్మా కంపెనీలో ద్రావకం ఆవిరి లీకై పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. అక్కడికి వెళ్లి పనిచేసే పిల్లల్లో కోస్తా జిల్లాల వాళ్లే ఎక్కువ. లీకు వాసన రాగానే లైను ఆపమని మేనేజరుకు ఎదురు చెప్పగల చదువు, హోదా సేఫ్టీ ఆఫీసర్‌కు ఉండాలన్న నిబంధన ఎందుకో ఇలాంటి రోజునే తెలుస్తుంది. కాగితం కొనుక్కున్నవాడికి ఆ ధైర్యం రాదు.

గల్ఫ్ సంగతి

గల్ఫ్ కంపెనీలు తరచూ అడిగే పేరు నెబోష్. 1979లో బ్రిటన్‌లో ఏర్పడిన పరీక్షా సంస్థ అది. దాని అంతర్జాతీయ జనరల్ సర్టిఫికెట్ పని ప్రదేశాల భద్రతకు సంబంధించినది. మంటలు ఆర్పే శిక్షణ అందులో ఉండదు. పరీక్ష ఇంగ్లీషులో సొంతంగా రాయాలి, ప్రమాదాల అంచనా నివేదిక తయారుచేయాలి. ఇంగ్లీషు రాయడం రాకపోతే ఫీజు వృథా. పైగా మంచి కంపెనీలు దానితో పాటు డిగ్రీనో డిప్లొమానో, అనుభవమో అడుగుతాయి. ఫలానా కోచింగ్ సెంటర్ నెబోష్ గుర్తింపు పొందిందో లేదో ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు.

ఏజెంటు విషయంలో ఒక అంకె గుర్తుంచుకుంటే చాలు. విదేశాంగ శాఖ దగ్గర నమోదైన ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా రూ. 30,000, దానిపై జి.ఎస్.టి. రసీదు ఇవ్వాలి. లక్షల్లో అడిగేవాడి పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో వెతకాలి. 'మనవాడే, మన జమాత్ వాడే' అన్న భరోసా రసీదుకు బదులు కాదు.

ఫీజు కట్టే ముందు అడగాల్సినవి

ఇన్‌స్టిట్యూట్‌కి తండ్రి ఒక్కడే వెళ్లకుండా, కాస్త చదువుకున్న అన్ననో మేనమామనో వెంట తీసుకెళ్లాలి. సనద్ మీద ఎవరి సంతకం ఉంటుందని మొదట అడగాలి. 'ప్రభుత్వ రిజిస్టర్డ్' అంటే చాలాసార్లు సొసైటీగానో ట్రస్టుగానో నమోదైందని మాత్రమే, కోర్సుకు గుర్తింపు ఉందని కాదు. ఐటిఐ అయితే డి.జి.టి. అనుబంధం, డిప్లొమా అయితే సాంకేతిక విద్యామండలి, డిగ్రీ అయితే యు.జి.సి. గుర్తింపు చూడాలి. యు.జి.సి. ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో గుంటూరు చిరునామాతో ఉన్నదీ ఒకటుంది, కాబట్టి ఎక్కడో ఢిల్లీలో జరిగే సంగతి అనుకోకూడదు. తర్వాత గ్రౌండు చూపించమనాలి. పంపు, హోస్ పైపులు, నిచ్చెన, శ్వాస పరికరం, పొగ గది లేకుండా మూడు కుర్చీలు, ఒక ప్రొజెక్టరుతో ఫైర్ చదువు చెప్పేవాడు ఈత పుస్తకంలో నేర్పేవాడితో సమానం. కిందటేడు చదివిన ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకుని, ఇప్పుడు ఏ హోదాలో ఉన్నారో వాళ్లనే అడగాలి. ఒరిజినల్ మెమోలు తమ దగ్గరే ఉంచుకుంటామంటే అక్కడినుంచి లేచి వచ్చేయాలి.

డబ్బు పెట్టకుండా పిల్లాడికి ఈ పని సరిపోతుందో లేదో తెలుసుకునే వీలు కూడా ఉంది. ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిగే వారోత్సవాల్లో అగ్నిమాపక కేంద్రాల సిబ్బంది స్కూళ్లలో, కూడళ్లలో, ఆసుపత్రుల్లో ప్రదర్శనలు ఇస్తారు. నరసరావుపేటలోనో మాచర్లలోనో స్టేషన్‌కి వెళ్లి అధికారిని అడిగితే పరికరాలు చూపిస్తారు. ఒత్తిడితో నీళ్లు వస్తున్న హోస్‌ను రెండు నిమిషాలు పట్టుకుని చూస్తే, ఈ ఉద్యోగం ఏమిటో పిల్లాడికి చేతులే చెబుతాయి. అత్యవసరానికి ఫోన్ నంబరు 101, లేదా 112.